నాగేశ్వరరావు పంతులుగారి వర్తకనీతి

ఆంధ్రదేశమున శ్రీ కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు విననివారరుదు. వారిని దేశోద్ధారకులనియు విశ్వదాతయనియు లోకము కొనియాడినది. ఆంధ్రపత్రికను స్థాపించినవారుగను, భారతిని నడపినవారుగను, ఆంధ్రగ్రంథమాలను వెలయించినవారుగను వారిని స్మరించువారు పెక్కుమంది కలరు. కాని యా దానములకెల్ల మూలమైన ధనము వారికెట్లు లభించినదో, వర్తకులు వేలకొలది పోటీపడు బొంబాయి నగరమున కృష్ణాతీరమునుండి వచ్చిన యొక బ్రాహ్మణ యువకుడు తక్కినవారి నడుమ నెట్లు నిలువగలిగెనో విచారించువారు తక్కువ. మన సభలలో దాతృత్వమును ప్రశంసించుటకు నోరు చాలదు. ఆర్జనమును గూర్చి పలుకుటకు మాత్రము సంకోచింతుము. ఆర్జింపనివాడు దేనిని దానము చేయును? కావున ఈ వార్షిక సంచికయందు పంతులుగారి చరిత్రమును వర్తకుని చరిత్రముగా జెప్ప బూనితిని. మన సంఘసభ్యులకును పోషకులకును ఇందు ఆలోచింపదగినది కొంత కలదని నా విశ్వాసము.

జననము, విద్యాభ్యాసము

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణామండలమందలి పెసరమిల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. స్వగ్రామము ఎలకుర్రు. తొలిచదువు స్వగ్రామమునను, మలిచదువు బందరునందును సాగినవి. పిదప మదరాసు క్రైస్తవ కళాశాలయందు జదివి 1891లో పట్టభద్రులైరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధినీ పత్రికయందలి రచనలు ఆ యౌవనదశయందే వారి మనస్సుపై గాఢమైన ముద్ర వేసినవి.

ఆ కాలమున ఆంగ్లవిద్య నేర్చి పట్టము పుచ్చుకొన్న బ్రాహ్మణునకు ముందుండు మార్గములు మూడు: సర్కారు కొలువు, వకీలు వృత్తి, బడిపంతులు పని. మూడును గౌరవప్రదములే. మూడింటను ఆపద తక్కువ. బంధువులును గ్రామస్థులును ఆ మూడింటిలో నొకదానినే యాశింతురు. పంతులుగారు ఈ మూడింటిని విడిచి వర్తకమునకు దిగిరి. మదరాసున కొంతకాలము వ్యాపారము చేసిరి. తరువాత కలకత్తాకు బోయి మందుల వ్యాపారమున బనిజేసి, ఔషధములను గూర్చుట నేర్చిరి. అటుపిమ్మట బొంబాయి చేరి యొక యూరోపియను వర్తకుని కచ్చేరీలో కొలువు చేసిరి.

ఈ తిరుగుడును జూచి యిది నిలుకడలేని మనస్సని తలపరాదు. మదరాసున అమ్మకము, కొనుగోలు తెలిసినవి. కలకత్తాలో సరకు తయారుచేయుట తెలిసినది. బొంబాయిలో లెక్కలు, ఉత్తరప్రత్యుత్తరములు, దూరదేశములతో లావాదేవీలు తెలిసినవి. మూడు నగరములును వారికి మూడు పాఠశాలలైనవి. గురుకులవాసము లేక వేదము రానట్లే, ఇతరుల యంగడిలో కొన్నాళ్లు కూర్చుండక వర్తకము రాదు. ఈ శిష్యత్వమే వారి మొదటి మూలధనము.

శాస్త్రవిచారము

మనలో కొందరికి ఇచట నొక సందేహము కలుగును. బ్రాహ్మణునకు వర్తకము తగునా యని. మనుస్మృతి పదవ యధ్యాయమున, స్వవృత్తిచే జీవింపజాలని బ్రాహ్మణుడు ఆపత్కాలమున వైశ్యవృత్తి నవలంబింపవచ్చునని యనుమతి కలదు. ఆ యనుమతి వెంటనే అమ్మరాని వస్తువుల పట్టికయు గలదు. వండిన యన్నము, తిలలు, లవణము, సుగంధద్రవ్యములు మున్నగునవి యా పట్టికలో జేరినవి. కర్పూరవాసనలు గుబాళించు అంజనమును సీసాలలో నింపి దేశమంతట నమ్మినవారు ఆ పట్టికను అక్షరశః పాటింపలేదని వేరుగ జెప్పనక్కరలేదు. నేడు మన కుటుంబములలో వంటలు కుదుర్చుకొని శుభకార్యములకు అన్నము వండిపెట్టువారును, పచ్చళ్లు, పొడులు చేసి యమ్ముకొనువారును ఎందరో కలరు. పట్టికనే ప్రమాణముగా గొన్నచో వారందరును దోషులే యగుదురు.

కాని యా స్మృతియందే ఎనిమిదవ యధ్యాయమున మరియొక విధి కలదు. ఒక వస్తువుతో వేరొకదానిని కలిపి యమ్మరాదు. సారము లేనిదానిని అమ్మరాదు. కొలతకు తక్కువైనదానిని అమ్మరాదు. ఈ విధి యే వర్ణమునకో పరిమితము కాదు. ఆపద్ధర్మమను మినహాయింపును దీనికి లేదు. అమ్మదగిన వస్తువుల పట్టిక దేశకాలములను బట్టి మారుచు వచ్చినది. అమ్మువాని సత్యమును గూర్చిన విధి మాత్రము మారలేదు. పంతులుగారు మొదటిదానిని దాటిరి. రెండవదానిపై తమ వర్తకమును నిలిపిరి. వారి విజయరహస్యమును వెదకువారు ఇచ్చటనే మొదలిడవలెను.

అమృతాంజనము

1893లో బొంబాయి నగరమున పంతులుగారు అమృతాంజనమును స్థాపించిరి. తలనొప్పికిని, పడిసెమునకును, ఒడలి నొప్పులకును పైపూతగా వాడు లేపన మది. ఇట్టి లేపనములందు కర్పూరము, పుదీనసత్త్వము మున్నగు ఘాటైన ద్రవ్యములుండును. అవి చర్మమునకు తగిలినప్పుడు చల్లదనమో వేడిమియో కలిగించి, లోపలి నొప్పినుండి మనస్సును మరల్చును. వ్యాధిని సమూలముగా మాన్పునవి గావు. బాధను తగ్గించి ఆ పూట గడపునవి. లేపన వ్యాపారము యొక్క బలమును, కష్టమును రెండును ఇందే యున్నవి. తలనొప్పి మరల వచ్చును గనుక కొన్నవాడు మరల కొనును. కాని నిన్నటి సీసాకును నేటి సీసాకును గుణమున భేదము గనబడినచో ఆ కొనుగోలుదారు మరల రాడు. ఒక్కమారు మోసగించి లాభము పొందుటకు ఈ వ్యాపారమున తావు లేదు.

పోటీలో మేలుచేయి సాధించుటకు పంతులుగారికి దోడ్పడినవానిలో మొదటిది నామకరణము. అమృతము, అంజనము అను రెండును సంస్కృతపదములు. తెలుగువానికిని, మహారాష్ట్రునకును, గుర్జరునకును, వంగీయునకును వేరువేరుగా వివరింపవలసిన పని లేదు. పరభాషాపదములతో నిండిన దొరల మందుసీసాల నడుమ ఈ పేరు మన యింటి పేరువలె వినబడెను. అంజనము వేసి పాతరలలోని ధనమును గనుగొందురను కథలు తెలుగునాట పల్లెపల్లెనను గలవు. ఈ యంజనము మాత్రము కథలోనిది గాక నిజముగనే నిధిని జూపినది.

రెండవది ఆకారము. చిన్న సీసా, పసుపు రంగు లేపనము. చదువు రానివాడు సయితము అంగడిలో వ్రేలితో జూపి యడుగవచ్చును. సంచిలోనో కొంగున ముడిగానో దాచుకొనవచ్చును. వైద్యుని యొద్దకు పోవలసిన యవసరము లేదు. మన దేశమున అక్షరాస్యులు బహు తక్కువగా నున్న యా దినములలో, కంటికి గుర్తు, ముక్కునకు వాసన, ఈ రెండే సరకుకు ముద్రలు. దినమున కెన్ని సీసాలు తయారైనను ఆ రెండును మారకుండ కాపాడుటయే సరకు చేయువాని పరీక్ష.

మూడవది మిక్కిలి ప్రసిద్ధమైనది. తొలిదినములలో పంతులుగారు తమ లేపనమును సంగీతసభలయందు ఉచితముగ పంచిపెట్టిరి. దీనిలోని యుక్తిని కొంచెము పరికింపుడు. సంగీతకచ్చేరీలు రాత్రి చాల ప్రొద్దుపోవువరకు సాగును. జనసమ్మర్దము, దీపముల పొగ, నిద్రలేమి. తలనొప్పి పుట్టుచోటనే మందు చేతి కందెను. ఒకడు పూసికొనగా నలుగురికి వాసన సోకును. ఏమిటది యని నలుగురును అడుగుదురు. మరునాడు ఆ నలుగురును తమతమ యిండ్లలో జెప్పుదురు. అంగడి తలుపులు తెరచి గిరాకి వచ్చువరకు కూర్చుండుటకును, అక్కర పుట్టుచోటికి తానే పోవుటకును గల భేద మిది. ఉచితముగ నిచ్చిన సీసా నష్టము గాదు; విత్తనము. మన జహీరాబాదు ప్రాంతమున అల్లము పండించు రైతునకు ఇది తెలియనిది కాదు. మేలైన దుంపలను ముందుగ మంటిలో పాతనిదే పంట రాదుగదా! విత్తనమునకు పుచ్చుదుంప పనికిరానట్లే, పంచిపెట్టు సరకు అమ్ము సరకుకంటె తక్కువది కారాదు.

ఇట్టి యుపాయము ఇతర దేశములలోను గనబడును. అమెరికాదేశమున ఉత్తర కరొలినా రాష్ట్రమందలి లన్స్‌ఫర్డ్ రిచర్డ్‌సన్ అను మందుల వర్తకుడు, నేడు మన మెల్లరము విక్స్ అని పిలుచు లేపనమును 19వ శతాబ్ది చివర తయారుచేసి, పిమ్మట దాని మచ్చుసీసాలను తపాలా ద్వారా ఇంటింటికి ఉచితముగ బంపెను. ఒకరినొకరు ఎరుగని యిద్దరు వర్తకులు భూగోళమునకు చెరియొక ప్రక్కనుండి ఒకే సూత్రమును గ్రహించిరి: నమ్మకము మాటలవలన గాక అనుభవమువలన గలుగును, ఆ మొదటి యనుభవపు ఖర్చు వర్తకుడే భరింపవలెను.

ఆంధ్రపత్రిక

అమృతాంజనము పంతులుగారిని లక్షాధికారిని జేసినది. ఇట్టివారు పెక్కురు అంతటితో తృప్తి పొంది మేడలు గట్టుకొందురు. పంతులుగారు 1907లో సూరతు కాంగ్రెసు మహాసభకు బోయిరి. తెలుగువారికి స్వభాషలో దేశవార్తలు దెలుపు మంచి పత్రిక యొకటి యుండవలెనను సంకల్పము వారికి దృఢమయ్యెను. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడినది. మహారాష్ట్ర గుర్జరుల నగరమున తెలుగు పత్రికయా యని మనకు వింతగా దోచవచ్చును. కాని ఆ నగరమున తెలుగువారు అప్పటికే వేలకొలదిగ నుండిరి. నిజాము రాజ్యమునుండి కూలికై పోయిన మన ప్రాంతపు శ్రామికులను అచట కామాఠీలనిరి. కామాఠీపుర మను పేట వారి పేరిటనే వెలసినది. 1910 మొదలు ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు వెలువడసాగినవి.

1914లో పత్రిక మదరాసునకు తరలినది. ఆ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన దినపత్రికగా మారినది. నాలుగు నెలలు గడచునంతలో ఐరోపాయందు మహాయుద్ధ మారంభమైనది. కుమారులు సైన్యమున జేరిన తల్లిదండ్రులకును, ధరల పెరుగుదలచే నలిగిన వర్తకులకును, రైతులకును ప్రతిదినము వార్తలు గావలసివచ్చెను. ఇది యదృష్టమందురేమో. సిద్ధముగ నున్నవానికే యదృష్టము పనికివచ్చును. యుద్ధము వచ్చిన పిదప అచ్చుయంత్రములకై వెదకువాడు వెనుకబడును.

వర్తకదృష్టితో జూచినచో ఇందలి యేర్పాటు గమనింపదగినది. దినపత్రిక నడపుట ధననష్టకరమైన పని. పంతులుగారి పత్రికకు లేపనము వలని లాభము వెన్నుగా నిలిచెను. ఆ పత్రిక యందలి ప్రకటనలు లేపనమును తెలుగిండ్లకు చేర్చెను. ఒకటి రెండవదానిని పోషించెను. తరువాత సింగపూరునందు వ్యాఘ్రముద్రగల టైగర్ బామ్ లేపనము నమ్మిన ఆ బూన్ హా అను చీనా వర్తకుడును 1929లో ఆ నగరమున సిన్ చ్యూ జిట్ పో అను చీనాభాషా దినపత్రికను స్థాపించి, తన సరకు ప్రకటనకు దానిని వాడుకొనెను. మన పంతులుగారు ఇరువదియొక్క సంవత్సరముల ముందే పత్రికాస్థాపన మొనర్చిరి. కాని భేదము కలదు. కేవల వర్తకునకు పత్రిక సాధనము, సరకు సాధ్యము. పంతులుగారి విషయమున క్రమముగా సరకే సాధనమై, భాషాసేవయు దేశసేవయు సాధ్యములైనవి.

1924 జనవరిలో భారతి మాసపత్రిక వెలువడినది. సాహిత్యము, చరిత్ర, శాసనములు, కళలు అను వానిని గూర్చి తెలుగు పండితులు వ్రాసిన వ్యాసములకు అది ఆటపట్టయ్యెను. 1926లో ఆంధ్రగ్రంథమాల స్థాపితమై, ప్రాచీనార్వాచీన గ్రంథములను సామాన్యులకందు వెలలకు ప్రకటించినది. హైదరాబాదునందు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులైన కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వము పూర్తిగాకుండగనే 1923లో దివంగతులు గాగా, ఆ కార్యభారమును నాగేశ్వరరావు పంతులుగారు తలకెత్తుకొనిరి. గ్రంథాలయోద్యమమునకు వారు చేసిన సాహాయ్యము లెక్కింపరానిది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది.

దానము ప్రకటనయా?

ఇచట నొక కఠినమైన ప్రశ్నను దాటిపోరాదు. ఇన్ని దానములును అమృతాంజనమునకు మంచిపేరు తెచ్చుటకే చేయబడినవేమో యని యొకరు అడుగవచ్చును. పేరు వచ్చిన మాట వాస్తవము. ఆ పేరే పోటీదారులెవ్వరును అనుకరింపజాలని బలమైన మాటయు వాస్తవమే. లేపనములోని ద్రవ్యములను రసాయనశాస్త్రజ్ఞుడు కనిపెట్టవచ్చును. సీసాను, రంగును, వాసనను అనుకరింపవచ్చును. వెల తగ్గింపవచ్చును. కాని భారతి చదివి పెరిగిన యింట, గ్రంథమాల పుస్తకములు చేరిన గ్రంథాలయమున, ఆ పేరుపై గల ప్రేమను కొనుట యెవరి తరము?

అయినను ప్రేరణ ప్రకటన గాదని జెప్పుటకు ప్రబల ప్రమాణము వారి చరిత్రయందే కలదు. సర్కారుతో వైరము కోరు వర్తకు డుండడు. పంతులుగారు ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగ నుండిరి. ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకు బోయిరి. వయస్సు అరువది దాటినది; పత్రిక, కర్మాగారము, వందలాది కుటుంబముల బ్రతుకు తమపై ఆధారపడియున్నవి. ఆ స్థితిలో లాభనష్టముల లెక్క వేసికొనువాడు చెరసాలకు బోడు. విశ్వదాతయని లోకము పిలిచినది వారి దానము కులగోత్రముల నడుగకుండుటచేత. వారిని మనవారని మనము చెప్పుకొనుట న్యాయమే. కాని మనవారు మాత్రమే యని చెప్పుకొన్నచో వారి చరిత్రమును సగము చెరిపినవార మగుదుము.

సంస్థ, వారసత్వము, అస్తమయము

1936లో అమృతాంజనము పబ్లికు లిమిటెడు కంపెనీగా మారినది. దీని విలువను మనవారు తరచు గ్రహింపరు. ఒక్కని పేరును, ఒక్కని తెలివిని నమ్ముకొన్న వ్యాపారము ఆ యొక్కనితోడనే పోవును. తన కన్నుల యెదుటనే దానికి నియమములు, వాటాదారులు, లెక్కలు, నిర్వాహకులు ఏర్పరచినవాడు దానిని తనకంటె దీర్ఘాయువు గలదానిగ జేయును.

1937 నవంబరు 16వ తేదీన మదరాసునందలి పంతులుగారి గృహమగు శ్రీబాగునందు కోస్తాంధ్ర, రాయలసీమ నాయకుల నడుమ చరిత్రప్రసిద్ధమగు ఒడంబడిక జరిగినది. తరువాత ఐదు నెలలు నిండకుండగనే, 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు దేహము చాలించిరి. అల్లుడగు శివలెంక శంభుప్రసాదుగారు ఆ బాధ్యతలను వహించిరి. మైలాపురమున లజ్ సమీపమందలి ఉద్యానవనము నేటికిని నాగేశ్వరరావు పంతులుగారి పేరనే యున్నది.

తరువాతి కథ మనకు వేరొక పాఠము. లేపనము నిలిచినది; పత్రికలు నిలువలేదు. 1938లోనే మదరాసున ఆంధ్రప్రభ పుట్టినది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశము ఏర్పడగా తెలుగు పాఠకలోకమునకు కేంద్రము మదరాసునుండి విజయవాడకును హైదరాబాదునకును జరిగినది. 1974లో విశాఖపట్టణమున ఈనాడు ప్రారంభమై, సూర్యోదయమునకు ముందే గుమ్మములో పత్రిక నుంచు నలవాటును ప్రజలకు జేసినది. ఆంధ్రపత్రికకు గౌరవము తగ్గలేదు. కాని గౌరవించువారందరును కొనువారు గారు. 1991లో ఆంధ్రపత్రికయు భారతియు నిలిచిపోయినవి. సంగీతసభకు సీసాలు మోసికొనిపోయిన వర్తకుడు పాఠకుని గుమ్మమునకు దారి చూపియే పోయెను. ఆ దారిని మొదట ఇతరులు త్రొక్కిరి.

అమృతాంజనపు సంస్థ మాత్రము రూపములు మార్చుకొనుచు సాగినది. 2007లో అమృతాంజన్ హెల్త్ కేర్ అను పేరు దాల్చినది. పూతకు తోడు దొర్లించి రాసికొను గొట్టములను, పండ్లరసపు పానీయములను, స్త్రీలకు ఆరోగ్యోపకరణములను అమ్మసాగినది. ఒకే గృహమున పుట్టిన రెండు బిడ్డలలో నొకటి మారి బ్రతికినది, ఒకటి పేరు మిగిల్చి గతించినది. పూర్వికుల కీర్తి వడ్డీ తెచ్చు మూలధనమే. వాడుకొనుచు క్రొత్తది చేర్చకున్నచో తరుగు మూలధనమును అదియే.

మన పట్టణమునకు

పూనానుండి మచిలీపట్నము వరకు సాగు 65వ సంఖ్య జాతీయరహదారి మన జహీరాబాదు మీదుగనే పోవుచున్నది. దాని యొక చివర పంతులుగారు చదివిన బందరు. రెండవ చివర దాటినచో వారు ధనార్జనము చేసిన బొంబాయి. ఈ దారిపై దినమున కెన్ని లారీల సరకు మన కన్నుల యెదుటనే పోవుచున్నదో చూచుచున్నాము. చెరకు, అల్లము పండు నేల మనది. మహీంద్రావారి ట్రాక్టర్ల కర్మాగారము మన పట్టణమున గలదు. ఝరాసంగం, న్యాలకల్ మండలములలో జాతీయ పారిశ్రామిక మండలమునకు భూములు కేటాయింపబడినవి. మన బాలకు లందరును అచట కొలువులనే గోరుచున్నారు. కొలువు తప్పు గాదు. కాని ఆ కర్మాగారములకు కావలసిన వేయి వస్తువులలో నొకటైనను సమకూర్చువాడు మన యిండ్లలో పుట్టరాదా?

చిన్న యంగడి పెట్టినవానికి నేడు కష్టములు మిక్కుటము. ఫోనునుండి యడిగినచో సరకు ఇల్లు జేరుచున్నది. పెద్ద కంపెనీల వెలలకు చిన్నవాడు తూగలేడు. పంతులుగారికిని ఎదుట నున్నవి విదేశీయుల ధనబలమే. వెలలో పోటీ పడలేనివాడు వారు చూపిన దారులను చూడవలెను. ఎన్నడును మారని గుణము గల ఒక్క వస్తువును ఎన్నుకొనుట. సులభముగ నోట నిలుచు పేరు పెట్టుట. గిరాకికై కూర్చుండక జనము కూడుచోటికి పోవుట. శివరాత్రికి కేతకీ సంగమేశ్వరస్వామి సన్నిధికి జనము వేలకొలదిగ వచ్చుచున్నారు గదా! ఆర్జించిన దానిలో కొంత ఊరి వారందరికి ఉపయోగపడునట్లు వెచ్చించుట. చివరిది, మనవారికే యమ్ముదము, మనవారే కొందురు అను భ్రమను విడుచుట. పంతులుగారి సీసాకు గోత్రము లేదు. కొన్నవాని నుదుట నొప్పి యున్నచో చాలును.

మన పెద్దలకు రెండు మాటలు విన్నవింతును. ప్రతి సంవత్సరము సన్మానములకు, శాలువలకు, పూలదండలకు గొంత ధనము వెచ్చించుచున్నాము. ఇవి వలదనను. అందులో నొక భాగమును వేరుపరచి, వర్తకము చేయదలచిన యువతీయువకులకు తిరిగి చెల్లించు షరతుపై ఋణముగ నిచ్చు నిధి నొకదానిని ఏర్పరచినచో బాగుండును. ఋణము గోరువాడు ముందుగ ఏదైన యొక వర్తకుని యొద్ద కొన్నాళ్లు పనిజేసి యుండవలెను. లెక్కలు ఏటేట సంఘమునకు జూపవలెను. పంతులుగారును మూడు నగరములలో పని నేర్చిన పిమ్మటనే స్వంత వ్యాపారమునకు దిగిరి గదా!

రెండవది మరింత సున్నితము. అంగడి నడపు యువకునకును, పౌరోహిత్యము చేయు యువకునకును, వంటలు చేయు యువకునకును పిల్లనిచ్చుటకు మన కుటుంబములు వెనుదీయుచున్నవి. అతనికంటె తక్కువ యార్జించుచు ఎచ్చటనో కొలువు చేయువానిని మాత్రము ఎదురేగి పిలుచుచున్నవి. సభలో నాగేశ్వరరావు పంతులుగారి చిత్రపటమునకు పూలదండ వేసి, ఇంటికి బోయి, వారి దారిలో నడువబోవు కుర్రవానిని కాదనుట ధర్మమా? అట్టి యువకుడు ముప్పదియైదేండ్లు దాటియు ఒంటరిగ నుండుట నేడు మన వీధివీధినను గనబడు దుఃఖము. ఏ నిధియు దీనిని తీర్పజాలదు. తలిదండ్రుల మనస్సులే తీర్పవలెను.

ఈ సంవత్సరము మన సభకు విచ్చేసిన పోషకులును తలిదండ్రులును ఈ రెండు మాటలను తమ గృహములకు గొనిపోయి విచారింతురని ప్రార్థించుచు, సర్వేశ్వరుడు మన యువతకు సత్యమైన ఆర్జనమును, ఆ యార్జనమునకు తగిన దానబుద్ధిని ప్రసాదించుగాక యని కోరుచు విరమించుచున్నాను.

స్వస్తి.